సరస్సులో పెద్ద ట్రౌట్: తగలడం వేరు, చేతికి రావడం వేరు

మీరు చెప్పినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ. రెండు సీజన్లుగా చిన్న పడవ మీద నుంచి ట్రౌట్ (చల్లని నీళ్లలో ఉండే చేప) కోసం గాలం వేస్తున్నారు. అరకిలో, ముప్పావుకిలో చేపలు బాగానే వస్తున్నాయి. రెండు కిలోలు దాటింది తగిలితే మాత్రం ఒకసారి లైన్ తెగుతోంది, ఒకసారి హుక్ ఊడుతోంది, ఇంకోసారి పడవ పక్కదాకా వచ్చిన చేప కళ్ల ముందే పోతోంది. స్పిన్నింగ్ రాడ్, 8 పౌండ్ల నైలాన్ లైన్ వాడుతున్నారు. ఇంకా మందమైన లైన్ వేయాలా అన్నది మీ ప్రశ్న.

అక్కర్లేదు. 8 పౌండ్లంటే మూడున్నర కిలోల పైమాట, అంత బలం పడితేనే లైన్ తెగుతుంది. నీళ్లలో ఉన్న చేప తన బరువును లైన్ మీద వేయదు, నీళ్లే దాన్ని మోస్తాయి. లైన్ మీద పడేది దాని పరుగు, దాని కుదుపు, అంతే. ఇన్నేళ్లలో నా దగ్గర తెగిన లైన్లను తలుచుకుంటే చేప తెంపినవి తక్కువ, నేను తెంపుకున్నవి ఎక్కువ. మందమైన లైన్ వేస్తే లూర్ (చేపను మభ్యపెట్టే కృత్రిమ ఎర) సరిగ్గా ఆడదు, తేట నీటిలో చేప అనుమానపడుతుంది, తగలడమే తగ్గిపోతుంది. ఉన్న లైన్‌తోనే పని జరుగుతుంది. కాకపోతే రెండు చోట్ల అలవాటు మార్చుకోవాలి: చేప తగిలిన మొదటి కొన్ని క్షణాలు, అది వల దాకా వచ్చిన చివరి రెండు మీటర్లు. మధ్యలో జరిగేదాన్ని చాలావరకు రాడ్, డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్‌ను జారనిచ్చే, రీల్‌లోని బ్రేకు) చూసుకుంటాయి, వాటిని మనం చెడగొట్టకపోతే.

డ్రాగ్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే ఇది ఇంటి దగ్గరే సరిచేసుకోవచ్చు. చాలామంది రీల్ దగ్గర లైన్‌ను వేళ్లతో లాగి చూసి 'ఆ, సరిపోయింది' అనుకుంటారు. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. ఒకరోజు చేతితో పట్టుకునే స్ప్రింగ్ త్రాసు కట్టి లాగి చూస్తే, నేను సరిపోయిందనుకున్నది రెండు కిలోలు దాటింది. వేళ్ల లెక్క నమ్మదగింది కాదు. లైన్ తెగే బలంలో నాలుగో వంతు దగ్గర డ్రాగ్ జారడం మొదలవాలి. మీ లైన్‌కు ఇది సుమారు 900 గ్రాములు. రీల్ నుంచి నేరుగా లాగి చూడకండి. లైన్‌ను రాడ్ గైడ్లన్నిటి (లైన్ దూరే రింగులు) గుండా పోనిచ్చి, చేపతో పెనుగులాడేటప్పుడు పట్టుకున్నట్టే రాడ్ ఎత్తి పట్టుకుని, అవతలి కొసకు త్రాసు కట్టి ఎవరినైనా లాగమనండి. గైడ్ల రాపిడి కూడా లెక్కలోకి రావాలి కదా.

మూడున్నర కిలోల లైన్‌కు 900 గ్రాములేనా అని మీకు అనిపించవచ్చు. కారణాలున్నాయి. ముడి వేసిన చోట లైన్ బలం ఎప్పుడూ కాస్త తగ్గుతుంది. ఆగి ఉన్న డ్రాగ్ కదలడానికి, కదులుతున్న డ్రాగ్ జారడానికి కావలసిన బలం ఒకటి కాదు, మొదటి కుదుపులోనే ఎక్కువ పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరూ పట్టించుకోనిది లైన్ చుట్టుకుని ఉండే స్పూల్ వ్యాసం. చేప లైన్ లాక్కుపోయే కొద్దీ స్పూల్ మీద చుట్ట సన్నబడుతుంది. చుట్ట వ్యాసం పావు వంతు తగ్గితే, మీరు డ్రాగ్ బిగించే నాబ్ ముట్టుకోకపోయినా 900 గ్రాముల డ్రాగ్ 1,200 గ్రాములవుతుంది. సగానికి తగ్గితే రెట్టింపు. దీనికి తోడు అరవై డెబ్భై మీటర్ల లైన్ నీళ్లలో విల్లులా వంగి సాగుతుంటే ఆ నీటి ఒత్తిడి వేరే. సరిగ్గా అప్పుడే మనవాళ్లు కంగారుపడి 'లైన్ అయిపోతోంది' అంటూ డ్రాగ్ ఇంకా బిగిస్తారు. తెగేదాకా లాగకు అంటారే, అది అక్షరాలా అప్పుడే జరుగుతుంది. చేప దూరం పోయిందంటే డ్రాగ్ కాస్త వదులు చేయాలి, బిగించకూడదు. ఇంటికొచ్చాక నాబ్ పూర్తిగా వదులు చేసి పెట్టండి. బిగించి వదిలేస్తే లోపలి వాషర్లు అణిగిపోయి తర్వాతిసారి జారకుండా పట్టేస్తాయి.

ఇప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు. డ్రాగ్ ఎక్కువ బిగించేవాళ్లే రాడ్‌తో మాత్రం భయపడుతూ లాగుతారు. నమ్మకపోతే ఈ పని చేసి చూడండి. లీటరు నీళ్ల సీసా నింపి లైన్‌కు కట్టి నేల మీద పెట్టండి. ఐదారు అడుగుల దూరంలో నిలబడి, డ్రాగ్ జారకుండా స్పూల్‌ను చేత్తో ఆపి, రాడ్‌తో దాన్ని నేల మీద నుంచి లేపండి. కిలో బరువే. రాడ్ ఎంత వంగుతుందో, చేతికి ఎంత బరువుగా తెలుస్తుందో చూశాక, ఇన్నాళ్లూ చేప మీద మీరు వేసిన ఒత్తిడి ఇందులో సగం కూడా లేదని తెలిసిపోతుంది. ఒత్తిడి తక్కువైతే పెనుగులాట సాగుతూనే ఉంటుంది. ఎంతసేపు సాగితే హుక్ దిగిన రంధ్రం అంత వెడల్పవుతుంది, ఊడే అవకాశం అంత పెరుగుతుంది. చేప కూడా అనవసరంగా డస్సిపోతుంది. మూడు కిలోల చేపతో పది నిమిషాలు దాటిందంటే, అది గొప్ప పోరాటమని నేననుకోను. నేను సరిగ్గా లాగలేదనుకుంటాను.

హుక్ విషయం క్లుప్తంగా. కొనను బొటనవేలి గోటి మీద ఆనించి మెల్లగా జరపండి. గోటిని పట్టుకుని ఆగితే పదును ఉన్నట్టు, జారిపోతే లేనట్టు. జారితే ఆకురాయితో పదును పెట్టండి, లేదా మార్చేయండి. కొత్త లూర్‌తో వచ్చే ట్రెబుల్ (మూడు కొనల) హుక్‌లను నేను తీసేసి వెనుక ఒక్కటే పెద్ద సింగిల్ హుక్ పెడతాను, బార్బ్ (కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు) నొక్కేసి. ఇది విని చాలామంది అదోలా చూస్తారు. కానీ ట్రెబుల్‌లో ఒక కొన దిగితే మిగతా రెండు కొనలు చేప తల విదిల్చినప్పుడల్లా మీటలా పనిచేసి ఆ ఒక్కదాన్నీ పెకలిస్తాయి. పెద్ద సింగిల్ హుక్ దవడ మూలలో లోతుగా దిగి కూర్చుంటుంది. పెద్ద మగ చేపకు దవడ ముందు భాగం ఎముకలా గట్టిగా ఉంటుంది, కింది దవడ కొక్కెంలా పైకి తిరిగి ఉంటుంది. అక్కడ ఏ హుక్కూ సరిగ్గా దిగదు. మనకు కావలసింది దవడ రెండు వైపులా ఉండే మూల. బార్బ్ లేకపోతే ఊడదా అంటే, లైన్ వదులైతే ఊడుతుంది. వదులు కానివ్వకూడదు. చాలా సరస్సుల్లో బార్బ్ లేని హుక్ తప్పనిసరి కూడా, కాబట్టి లైసెన్స్‌తో పాటు ఆ చోటి నియమాలు చూసుకోండి.

చేపలు ఎక్కడ అన్నది మీరు అడగలేదు, తగులుతున్నాయి కాబట్టి చోటు మీకు తెలుసు. ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ట్రౌట్‌కు 10 నుంచి 16 డిగ్రీల నీళ్లు హాయి, 20 దాటితే ఇబ్బంది. ఎండాకాలంలో సరస్సు పొరలుగా విడిపోయి, పైన వెచ్చని నీళ్లు, కింద చల్లని నీళ్లు, మధ్యలో ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయే పలుచని పొర ఏర్పడతాయి. పెద్ద చేపలు ఆ పొర అంచునే తిరుగుతాయి. చల్లని నెలల్లో అవే తెల్లవారుజామున ఒడ్డు దగ్గరికి, లోతు ఒక్కసారిగా పెరిగే అంచులకు, వాగులు వచ్చి కలిసే చోట్లకు వస్తాయి. గాలి వీచి తగిలే ఒడ్డు చలికి చేతులు కొంకర్లు పోయేలా ఉన్నా మంచిది, ఎందుకంటే తిండి అటే కొట్టుకొస్తుంది. ఎదిగిన ట్రౌట్ పురుగులు వదిలి చిన్న చేపల మీద పడుతుంది కాబట్టి లూర్ సైజు కాస్త పెంచండి. సరస్సులో ఎంతవరకు పెరుగుతాయంటే, 2009లో కెనడాలోని డీఫెన్‌బేకర్ సరస్సులో 48 పౌండ్ల రెయిన్‌బో ట్రౌట్ పడింది. దాదాపు 22 కిలోలు! అది చేపల పెంపకం కేంద్రం నుంచి తప్పించుకున్న ట్రిప్లాయిడ్ రకం, అంటే సంతానం కలగని రకం. గుడ్లు పెట్టే పనిలేదు కాబట్టి తిన్నదంతా ఒంటికే. మనకు అంతటిది అవసరం లేదు, మూడు కిలోలది వల్లోకి వస్తే చాలు.

సరే, చేప తగిలింది. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. రాడ్ వెనక్కి ఒక్క గుంజు గుంజుతారు. పడవ కదులుతూ లూర్ లాగుతున్నప్పుడు, చేప దాన్ని పట్టుకుని పక్కకు తిరగడంతోనే సగం పని అయిపోతుంది. గుంజితే మూడు రకాల నష్టం: లూర్ నోట్లోంచి లాగేసుకోవచ్చు, పెదవి చర్మం చిరగవచ్చు, లేదా బిగిసిన లైన్ మీద కుదుపు పడి ముడి తెగవచ్చు. చేయాల్సింది రీల్ రెండు మూడు చుట్లు వేగంగా తిప్పి లైన్ బిగువు చేసి, రాడ్‌ను పక్కకు, నీటికి సమాంతరంగా, బరువు తెలిసేదాకా గట్టిగా ఈడ్చడం. అల్లిన బ్రెయిడ్ లైన్ అయితే అది సాగదు కాబట్టి ఇంకా నెమ్మదిగా. నైలాన్ సాగుతుంది. దూరంగా తగిలిన చేపకు ఆ సాగుడు పోగొట్టడానికి ఈడ్పు ఇంకొంచెం పొడుగ్గా ఉండాలి. బెండు కింద చిన్న పురుగు ఆకారపు ఫ్లై వేలాడదీసినప్పుడు మాత్రం లెక్క వేరు. బెండు కదిలిందంటే వెంటనే ఎత్తాలి, ట్రౌట్ దాన్ని నోట్లో పెట్టుకుని రుచి చూసి ఉమ్మేయడానికి పెద్ద సమయం పట్టదు.

బరువు తెలిశాక మొదటి పది క్షణాలు మీరేమీ చేయకండి. నిజంగానే. పెద్ద చేపకు తనకు ఏదో తగిలిందని తెలియడానికి ఒక క్షణం పడుతుంది. చిన్నవి వెంటనే గిలగిలలాడతాయి. పెద్దది మొదట బరువుగా, నిదానంగా రెండు మూడుసార్లు తల ఊపుతుంది, రాడ్‌లో 'ధప్... ధప్' అని తెలుస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా పరుగు. ఆ పరుగులో రీల్ తిప్పకండి. స్పిన్నింగ్ రీల్‌లో డ్రాగ్ జారుతుండగా హ్యాండిల్ తిప్పితే లైన్ ఒక్క అంగుళం కూడా లోపలికి రాదు, మెలిక మాత్రం పడుతుంది. 5:1 గేర్ రీల్ అయితే ఒక్కో చుట్టుకు ఐదు మెలికలు. పది చుట్లు తిప్పారంటే యాభై. తర్వాత అవి ఉండచుట్టుకుని గైడ్‌లో ఇరుక్కుంటాయి. మొదటి పరుగు అయ్యేదాకా రాడ్ వంపు నిలబెట్టి డ్రాగ్ శబ్దం వింటూ ఊరుకోండి. ఈ లోపు పడవలో రెండో మనిషి ఉంటే మిగతా లైన్లన్నీ లోపలికి లాగేయాలి, లంగరు వేసి ఉంటే తీసేయాలి, ఇంజిన్ న్యూట్రల్‌లోకి మార్చాలి. వల చేతికందేలా, దాని మీద ఇంకేదీ పడి లేకుండా ఉండాలి. ఒకసారి నా వల మీద రెండు జర్కిన్లు, టిఫిన్ డబ్బా, ఒక చెప్పు ఉన్నాయి. ఆ చేప ఎలా పోయిందో మీరే ఊహించుకోండి.

పరుగు ఆగింది. ఇక ఒత్తిడి మీది. రాడ్ ఎప్పుడూ ఆకాశం వైపే పట్టుకోకండి. నేరుగా పైకి లాగితే చేప పైకి తేలి నీటిమీద తల విదిలిస్తుంది, హుక్ ఊడేది ఎక్కువగా అక్కడే. రాడ్ పక్కకు వంచి, చేప పోతున్న దిక్కుకు ఎదురు దిక్కున, నీటికి దగ్గరగా లాగండి. అది కుడికి పోతుంటే మీరు ఎడమకు. దాని తల తిరుగుతుంది, తల తిరిగితే ఒళ్లు తిరగక తప్పదు. మళ్లీ అటు పోతే మీరు ఇటు. ఇలా నాలుగైదుసార్లు దిశ మార్చేసరికి దాని బలం సగం అయిపోతుంది. లైన్ లోపలికి తెచ్చుకోవడం రాడ్‌తోనే, రీల్‌తో కాదు. రాడ్ ఈడ్చి చేపను దగ్గరికి లాగండి, రాడ్ ముందుకు దించుతూ ఆ వదులైన లైన్‌ను రీల్‌లోకి చుట్టండి. దించేటప్పుడు కూడా బిగువు పోకూడదు.

ఎగిరితే? రెయిన్‌బో ఎగురుతుంది, బ్రౌన్ ట్రౌట్ ఎక్కువగా కిందికి దిగుతుంది. ఎగిరినప్పుడు రాడ్ కొనను చేప వైపు దించండి, నమస్కారం పెట్టినట్టు. గాలిలో నీటి ఆసరా ఉండదు, బిగిసిన లైన్ మీద అది పడితే ఏదో ఒకటి తెగుతుంది. నీళ్లలో పడగానే మళ్లీ బిగువు. మీ వైపే దూసుకొస్తే అన్నీ మరచి పిచ్చిపట్టినట్టు రీల్ తిప్పండి. ఇంజిన్ నడుస్తుంటే పడవను కాస్త ముందుకు పోనివ్వండి. పడవ కిందికి దూరితే రాడ్ ఎత్తి లాగకండి, అంచుకు తగిలి లైనో రాడ్డో పోతుంది. రాడ్ కొనను మోచేతి దాకా నీళ్లలో ముంచి, పడవ ముక్కు చుట్టూ తిప్పి అవతలి వైపుకు తీసుకురండి. ఈ హడావుడిలో పడవలో ఒక్కసారిగా లేచి నిలబడవద్దు. ట్రౌట్ ఉండే నీళ్లు చల్లగా ఉంటాయి, పడితే మొదటి నిమిషంలోనే ఊపిరి అందదు. లైఫ్ జాకెట్ వేసుకునే ఉండండి, పక్కన పెట్టుకుని కాదు.

ఇక ఆ చివరి రెండు మీటర్లు. నేను పోగొట్టుకున్న వాటిలో ఇప్పటికీ కళ్ల ముందు కనిపించే చేప ఒకటుంది. చీకటి పడుతుండగా తగిలింది. ఏడెనిమిది నిమిషాల్లో పడవ పక్కకు వచ్చి, పక్కకు ఒరిగి, తెల్లటి పొట్ట కనిపించింది. మూడు కిలోలకు తక్కువ ఉండదు. అయిపోయిందనుకున్నాను. ఎడమచేత్తో వల తీసుకుని, చేప వెనుక నుంచి తోక వైపుగా ఒక్క పోటు పొడిచాను. వల కడ్డీ తోకకు తగలగానే చేపకు ప్రాణం లేచొచ్చింది. ముందుకు దూకింది. అప్పట్లో నాది ట్రెబుల్ హుక్. ఒక కొన చేప నోట్లో, ఇంకో కొన వల దారాల్లో, చేప మాత్రం వల బయట. ఇక లైన్ లేదు, డ్రాగ్ లేదు, రాడ్ లేదు. చేపకూ వలకూ మధ్య హుక్ ఒక్కటే. ఒక్కసారి మెలి తిరిగింది, అంతే. వలకు వేలాడుతున్న లూర్ చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

వల చేప దగ్గరికి వెళ్లకూడదు, చేప వల దగ్గరికి రావాలి. వలను ముందే నీళ్లలో ముంచి కదలకుండా పట్టుకోండి. వలను చూడగానే చేప ఇంకో పరుగు తీస్తుంది, దాదాపు ఎప్పుడూ తీస్తుంది. అందుకు సిద్ధంగా ఉండండి, ఈ దశలో డ్రాగ్ ముట్టుకోవద్దు. బయట లైన్ సుమారు రాడ్ పొడవంత ఉంటే చాలు, అంతకన్నా చుట్టేస్తే చివరి పరుగుకు సాగడానికి ఏమీ మిగలదు. చేప తల నీటిపైకి వచ్చి ఒరిగాక, రాడ్‌ను వెనక్కి పక్కకు జరుపుతూ తల ముందుగా వల మీదికి జార్చండి. సగం ఒళ్లు వల మీదికి వచ్చాకే వల ఎత్తాలి. ఎత్తగానే రాడ్ ముందుకు దించి లైన్ వదులు చేయండి. రాడ్ నిటారుగా దాటి వెనక్కి పోనివ్వకండి, భారమంతా సన్నటి కొన మీద పడి విరుగుతుంది. వల పట్టింది ఇంకొకరైతే, ఎత్తమని మీరు చెప్పేదాకా కదలవద్దని ముందే మాట తీసుకోండి. స్నేహాలు చెడేది ఇక్కడే.

వదిలేసేట్టయితే రబ్బరు వల వాడండి, దారపు వల చేప ఒంటి మీది జిగురు పొరను గీకేస్తుంది, హుక్ చిక్కుకోవడం కూడా ఎక్కువే. చేపను వలలోనే, నీళ్లలోనే ఉంచి హుక్ తీయండి. చేతులు తడిపాకే పట్టుకోండి, మొప్పల్లో వేళ్లు పెట్టవద్దు. ఫొటో కావాలంటే కెమెరా సిద్ధమయ్యాకే నీళ్లలోంచి ఎత్తి, పది క్షణాల్లోపు మళ్లీ నీళ్లలో పెట్టండి. బరువు తెలియాలని గాలిలో వేలాడదీయక్కర్లేదు. పొడవు, నడుము చుట్టుకొలత అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను అదే సంఖ్యతో గుణించి, పొడవుతో గుణించి, 800తో భాగిస్తే బరువు పౌండ్లలో వస్తుంది. 24 అంగుళాల పొడవు, 14 అంగుళాల చుట్టుకొలత ఉన్న చేప దాదాపు 5.9 పౌండ్లు, అంటే 2.7 కిలోలకు అటూఇటూ. వదిలేటప్పుడు నిలువుగా పట్టుకుని ఉంచండి, ముందుకూ వెనక్కీ ఊపవద్దు. తోక బలంగా కొట్టి తనంతట తాను పోయేదాకా ఆగండి. పైనీళ్లు 20 డిగ్రీలు దాటిన రోజుల్లో, వదిలేద్దామనే ఉద్దేశంతో పట్టకపోవడమే నయం, వదిలినా బతికే అవకాశం తగ్గుతుంది.

చేప వెళ్లిపోగానే చేయాల్సిన పని ఒకటుంది. సంతోషంలో దాన్ని మరచిపోయి నేను వెంటనే మళ్లీ లూర్ విసిరి, పావుగంటలో తగిలిన రెండోదాన్ని పోగొట్టుకున్న రోజులున్నాయి. చివరి రెండు మీటర్ల లైన్‌ను వేళ్ల మధ్య జార్చి చూడండి. ట్రౌట్ పళ్లకు, పడవ అంచుకు రాసుకుని గరుకుగా ఉంటుంది. కంటికి కనిపించదు, వేలికి తెలుస్తుంది. ఆ ముక్క కోసి జేబులో వేసుకోండి, నీళ్లలో పారేయకండి. కొత్త ముడి వేసి, బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడిగా బిగిస్తే రాపిడికి నైలాన్ వేడెక్కి అక్కడే బలం పోతుంది. ముడిని చేత్తో గట్టిగా లాగి చూసి, హుక్ కొనను మళ్లీ గోటి మీద పెట్టి చూసి, అప్పుడు వేయండి.